నాచు తెప్పల కింద ఏం జరుగుతుంది? గోదావరి డెల్టాలో సీవీడ్ సాగు, సముద్ర జీవులపై ప్రభావం

క్లుప్తంగా

సముద్రపు నాచు సాగు నీటిని శుభ్రం చేస్తుందని కొందరు, పగడపు దిబ్బలను మింగేస్తుందని మరికొందరు చెబుతున్నారు. రెండు మాటలకూ ఆధారాలున్నాయి. అయితే ఆ ఆధారాలన్నీ వేరే తీరాలవి. గోదావరి డెల్టాలో పగడాలు లేవు. ఇక్కడ ఉన్నవి బురద, మడ అడవి, ఏటా వరదతో వచ్చే ఎర్రనీరు. నాచు పెరగడానికి అనువైన కాలం జనవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రమే ఉండే అవకాశం ఎక్కువ. ఎరువుల కాలుష్యం భారీగా సముద్రంలోకి దిగేది వరద నెలల్లో. కాబట్టి నీటిని శుభ్రం చేసే లాభం చెప్పుకున్నంత పెద్దది కాదు. నాచు పెంచే వెదురు తెప్పల నీడ, మందగించే ప్రవాహం, తాళ్లకు పట్టే పచ్చనాచు, తాబేళ్ల దారి ఇక్కడ అసలు చూడాల్సిన విషయాలు.

చర్చ ఎందుకు మొదలైంది

కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనను ప్రారంభించినప్పుడు సీవీడ్ సాగుకు రూ.640 కోట్లు కేటాయించింది. దేశంలో ఏటా 11 లక్షల టన్నులకు పైగా నాచు పండించాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రపంచం మొత్తం మీద 2022లో సాగు ద్వారా వచ్చిన నాచు పచ్చి బరువులో 3.6 కోట్ల టన్నులు దాటింది. దాదాపు అంతా ఆసియాదే. చైనా, ఇండోనేసియా ముందున్నాయి. ఇంత పొడవైన తీరం ఉన్నా భారత్ వాటా లెక్కలోకి రానంత చిన్నది. తమిళనాడులోని రామనాథపురం తీరంలో రెండు దశాబ్దాలకు పైగా సాగు నడుస్తోంది. ఆంధ్ర తీరం పేరు వినిపించడం ఇటీవలి సంగతి.

నాచు నుంచి తీసే క్యారాజీనన్, అగార్ అనే జిగురు పదార్థాలు ఐస్‌క్రీమ్ నుంచి టూత్‌పేస్ట్ దాకా, ల్యాబుల్లో సూక్ష్మజీవులను పెంచే పళ్లేల దాకా చాలా చోట్ల కావాలి. నాచును పిండితే వచ్చే ద్రవాన్ని పంటల మీద పిచికారీ చేస్తారు. భూమి అక్కర్లేదు, మంచినీరు అక్కర్లేదు, ఎరువు వేయనక్కర్లేదు, 45 రోజుల్లో కోతకొస్తుంది. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి పంట కనిపించదు. మత్స్యకార మహిళలకు అదనపు ఆదాయం అన్న వాదన కూడా బలమైనదే.

చిక్కు వచ్చింది పర్యావరణం దగ్గర. సాగును సమర్థించేవారు చైనా, కొరియా అధ్యయనాలను చూపిస్తారు. వ్యతిరేకించేవారు పగడాలను నాచు కప్పేసిన హవాయిని, తమిళనాడు దగ్గరి మన్నార్ సింధుశాఖను చూపిస్తారు. భైరవపాలెం దగ్గరో, ఓడలరేవు దగ్గరో, కాకినాడ అఖాతంలోనో తెప్ప కడితే దాని కింద ఏం జరుగుతుందన్న ప్రశ్నకు ఈ రెండు వర్గాల ఉదాహరణలూ నేరుగా జవాబు చెప్పవు.

నాచు నీటిలో చేసే పని

సముద్రపు నాచుకు వేళ్లుండవు. ఒంటి మొత్తంతో నీటి నుంచే నత్రజని, భాస్వరం, కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది. ఎండ ఉన్నంతసేపూ ఆక్సిజన్ విడుదల చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను లాగేయడం వల్ల తోట చుట్టూ నీటి ఆమ్లత్వం పగటిపూట కొంత తగ్గుతుంది. గుల్ల కట్టుకునే జీవులకు ఇది మేలు.

రాత్రి లెక్క తిరగబడుతుంది. చీకటి పడగానే నాచు కూడా మిగతా జీవుల్లాగే ఆక్సిజన్ తీసుకోవడం మొదలుపెడుతుంది. రొయ్యల చెరువు చేసే రైతుకు ఈ విషయం కొత్తగా చెప్పనక్కర్లేదు. చెరువు నీరు పచ్చగా మారినప్పుడు తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి రొయ్య పైకి తేలుతుందనే టెన్షన్‌తోనే రాత్రంతా నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతారు. విశాలమైన సముద్రంలో కెరటాలు, పోటుపాటులు ఈ లోటును గంటల్లో పూడ్చేస్తాయి. నీరు నెమ్మదిగా కదిలే కాలువల్లో, మడ అడవుల మధ్య పాయల్లో అంత తేలిగ్గా పూడదు. అక్కడ దట్టంగా నాచు వేస్తే ఇబ్బంది తెల్లవారుజామున, అలల్లేని రోజుల్లో కనిపిస్తుంది. పగలు పది గంటలకు నీటి నమూనా తీసి అంతా బాగుందని రాసిన నివేదికకు ఈ విషయంలో విలువ లేదు.

మరో సంగతి ప్రవాహానిది. వేల తాళ్లు, వాటికి వేలాడే నాచు కలిసి నీటి వేగాన్ని తగ్గిస్తాయి. చైనాలోని సాంగ్‌గౌ అఖాతంలో కెల్ప్ నాచు, గుల్లల సాగు వల్ల ప్రవాహం గణనీయంగా మందగించిందని పరిశోధనల్లో తేలింది. కోతకు గురయ్యే తీరంలో అల నెమ్మదిస్తే మేలు. ఒండ్రు మోసే నీటిలో ప్రవాహం నెమ్మదిస్తే ఒండ్రు అక్కడే దిగుతుంది.

డెల్టా నీటికి రెండు రూపాలు

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఏడాది ప్రవాహంలో నాలుగింట మూడొంతులకు పైగా జూలై, అక్టోబరు మధ్యే సముద్రంలో కలుస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరకు వెళ్లింది. ఆ నెలల్లో నది సముద్రంలో కలిసే మొగల దగ్గర ఉపరితల నీరు దాదాపు మంచినీరే. రంగు ఇటుక ఎరుపు. జనం ఎర్రనీరు అని పిలిచే ఈ నీటిలో వెలుతురు కొద్ది అడుగుల లోతుకు కూడా దిగదు.

దేశంలో ఎక్కువగా సాగు చేసే కప్పాఫైకస్ అనే నాచుకు సముద్రపు ఉప్పదనం కావాలి. లీటరుకు సుమారు 28 గ్రాముల లోపు ఉప్పున్న నీటిలో అది కుంగిపోతుంది. కొమ్మలు తెల్లబడి విరిగిపోయే ఐస్-ఐస్ అనే తెగులు పట్టుకుంటుంది. నీటి వేడి బాగా పెరిగినా అదే జరుగుతుంది. 2013 ప్రాంతంలో తమిళనాడు తీరంలో పంట పెద్ద ఎత్తున చనిపోయి ఉత్పత్తి కూలిపోవడానికి వేడినీరు, తెగుళ్లు, ఒకే మొక్క నుంచి ముక్కలు చేసి మళ్లీ మళ్లీ నాటడం వల్ల బలహీనపడ్డ విత్తనం కారణాలుగా చెబుతారు.

ఈ లెక్కలన్నీ డెల్టాకు వేసి చూస్తే కాలం చాలా కుదించుకుపోతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా ఎర్రనీరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 1996 నవంబరు 6న కోనసీమను తుడిచిపెట్టిన తుపాను ఈ కాలంలోనిదే. మే నెలలో లోతు తక్కువ నీరు కాగిపోతుంది. మిగిలేది జనవరి నుంచి ఏప్రిల్, మహా అయితే రెండు మూడు కోతలు. గ్రాసిలేరియా జాతి నాచులు తక్కువ ఉప్పదనాన్ని తట్టుకుంటాయి కాబట్టి వాటికి కాలం కొంత ఎక్కువ దొరుకుతుంది. వాటికీ వెలుతురు కావాలి. బురద నీటిలో నాచు మీద సన్నటి ఒండ్రు పొర పేరుకుంటుంది. తరచూ తాళ్లు దులపకపోతే అది ఊపిరాడక కుళ్లుతుంది.

మొక్కకు అననుకూలమైన ఈ పరిస్థితులు జీవావరణానికి ఒక రకంగా రక్షణే. వరద ఏటా తోటను తుడిచేస్తుంది కాబట్టి కప్పాఫైకస్ శాశ్వతంగా పాతుకుపోయే ప్రమాదం ఇక్కడ తక్కువ. ఎర్రనీటిలో సముద్రం నుంచి నదికి ఎదురెక్కే పులసకు నాచు తెప్పలు అడ్డొస్తాయన్న భయం కూడా పెద్దగా నిలవదు. అప్పటికి తెప్పలు నీటిలో ఉండవు, ఉండకూడదు. పిల్ల చేపలు సముద్రానికి దిగేది ఆ తరువాతి నెలల్లో. కాబట్టి మొగలకు అడ్డంగా తెప్పలు కట్టకుండా చూడటం మాత్రం అవసరం.

నీటిని ఎంత శుభ్రం చేస్తుంది

డెల్టా నుంచి సముద్రానికి చేరే నీటిలో పొలాల ఎరువులు, రొయ్యల చెరువుల మురుగు, పట్టణాల వ్యర్థాలు ఉంటాయి. కౌశిక, తుల్యభాగ లాంటి డ్రెయిన్లు మోసుకొచ్చేది ఇదే. నాచు ఈ నత్రజని, భాస్వరాలను పీల్చి, కోత రూపంలో ఒడ్డుకు తెస్తుంది. సూత్రం సరైనదే. పరిమాణం చూడాలి.

వంద టన్నుల పచ్చినాచు ఎండితే సుమారు 10 టన్నులవుతుంది. అందులో నత్రజని 2 శాతం ఉందనుకుంటే 200 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకు. అంటే వంద టన్నుల నాచు సముద్రం నుంచి బయటకు తీసేది సుమారు పది బస్తాల యూరియాకు సమానం. దాళ్వా (రబీ) వరికి ఎకరాకు రెండు మూడు బస్తాలు వేస్తారు కాబట్టి అది నాలుగెకరాల ఎరువు. ఒక్కో తెప్ప నుంచి విడతకు 200 కిలోల పచ్చినాచు వస్తుందనుకుంటే వంద టన్నులకు 500 తెప్పలు కావాలి. పన్నెండు అడుగుల చదరపు తెప్పలైతే వాటి కొలతే ఎకరం దాటుతుంది, మధ్యలో వదిలే ఖాళీలు అదనం.

పొలంలో వేసిన ఎరువంతా సముద్రానికి చేరదు. ఆ లెక్కన విస్తీర్ణాన్ని బట్టి చూస్తే నాచు పనితనం తక్కువేమీ కాదు. కానీ గోదావరి డెల్టా ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు, దానికి తోడు చెరువులు. ఐదు వందలు, వెయ్యి తెప్పలు ఆ మొత్తం మీద కనిపించే మార్పు తేలేవు. అంతకన్నా ముఖ్యమైన అడ్డంకి కాలం. పోషకాలు ఎక్కువగా దిగేది సార్వా (ఖరీఫ్) కాలపు వరదతో. నాచు నీటిలో ఉండేది దాళ్వా కాలంలో. ఆ నెలల్లో డ్రెయిన్లలోకి వచ్చే చెరువుల నీటిని, దాళ్వా మురుగును మాత్రమే అది కొంత పట్టుకోగలదు. సీవీడ్ ప్రాజెక్టుల ప్రచారంలో ఈ కాలభేదం ప్రస్తావన కనిపించదు. ఈ చర్చలో అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

తెప్ప కింద బురద

డెల్టా తీరంలో ఆహారపు గొలుసు బురదలో మొదలవుతుంది. పాటు సమయంలో బయటపడే మేటల మీద కంటికి కనిపించని సూక్ష్మ నాచు పెరుగుతుంది. దాన్ని పురుగులు, నత్తలు, బురద మేసే చేపలు తింటాయి. వాటిని పీతలు, పండుగప్ప, శీతకాలంలో వలసవచ్చే ఉల్లంకి పిట్టల లాంటి నీటిపక్షులు తింటాయి. కాకినాడ అఖాతంలో సున్నం కోసం, మాంసం కోసం ఏరే గుల్లలు కూడా ఈ బురదలోనే బతుకుతాయి.

దట్టంగా కట్టిన తెప్పలు దొండపాదు పందిరిలా కింద నీడ పరుస్తాయి. టాంజానియాలోని జాంజిబార్ తీరంలో నాచు తోటల కింద సముద్రపు గడ్డి పలచబడటం, ఇసుకలోని సూక్ష్మజీవుల సంఖ్య, రకాలు మారడం పరిశోధకులు నమోదు చేశారు. అక్కడ నీరు అద్దంలా తేటగా ఉంటుంది, అడుగుదాకా వెలుతురు పడుతుంది. గోదావరి మొగల్లో నీరు అసలే మసక. రెండు మీటర్ల లోతు దాటితే నీడ వల్ల కొత్తగా కోల్పోయేది తక్కువ. మోకాలి లోతు మేటల మీద, వెదురు పాతి తాళ్లు కట్టే పద్ధతిలో అయితే పరిస్థితి వేరు. సూక్ష్మ నాచుకు అక్కడే ఎండ దొరుకుతుంది, నీడ పడేదీ అక్కడే. పాతిన ప్రతి వెదురు చుట్టూ మనుషుల నడక వల్ల బురద తొక్కుడు పడటం మరో నష్టం.

నీడకన్నా ఒండ్రు సమస్య ఇక్కడ పెద్దది కావచ్చు. ఎగువ డ్యాముల వల్ల గోదావరి తెచ్చే ఒండ్రు 1970ల్లో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల నుంచి 1990ల నాటికి సుమారు 6 కోట్ల టన్నుల లోపుకు తగ్గిందని అంచనా. తీరంలో కొన్ని చోట్ల కోతకు అదొక కారణం. అయినా హోప్ ఐలాండ్ వెనకున్న కాకినాడ అఖాతం మాత్రం పూడుతూనే ఉంది. ఇసుక దిబ్బ చాటున నీరు నెమ్మదిగా తిరిగే చోటది. అక్కడ తెప్పల వరసలు ప్రవాహాన్ని మరింత ఆపితే మెత్తటి బురద దిగి గుల్లల పడకలను కప్పేయవచ్చు. తుపానుకు విరిగిన నాచు కూడా అడుగుకు చేరి కుళ్లుతుంది. సేంద్రియ పదార్థం ముందే నిండి ఉన్న బురదలో ఇంకా కుళ్లు చేరితే ఆక్సిజన్ ఖర్చయి, కుళ్లిన గుడ్డు వాసన కొట్టే వాయువు పుడుతుంది. గుల్లలు, పురుగులు పారిపోలేవు.

చేపలు పెరుగుతాయా

నాచు తోటల్లో చేపలు ఎక్కువగా కనిపిస్తాయన్నది చాలా దేశాల్లో గమనించిన విషయమే. తాళ్లు, నాచు కొమ్మలు చిన్నపిల్లలకు దాక్కునే చోటిస్తాయి. నాచు మీద పాకే చిన్న రొయ్యల్లాంటి జీవులు వాటికి మేత. రాబిట్ ఫిష్ లాంటి చేపలు నాచునే మేస్తాయి. అందుకే రైతులు తెప్ప కింద వల కడతారు.

చేపలు కనిపించడం, చేపలు పెరగడం ఒకటి కాదు. చుట్టుపక్కల తిరిగే చేపలు నీడకు చేరితే మొత్తం సంఖ్యలో తేడా ఉండదు. ఒకచోట గుమిగూడటం వల్ల పట్టడం మాత్రం తేలికవుతుంది. బోసిపోయిన ఇసుక తీరంలో తెప్ప కొత్త ఆవాసం ఇస్తుంది. గోదావరి డెల్టా అలా బోసిపోయిన తీరం కాదు. రొయ్య పిల్లలకు, మండపీతలకు, పండుగప్పకు కోరింగ మడ అడవి వేర్లు ఎప్పటినుంచో నర్సరీగా ఉన్నాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్ల అడవి పక్కన నాచు తెప్పలు అదనంగా ఇచ్చే ఆశ్రయం ఎంత ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మడ చెట్ల శ్వాస వేర్ల మీద తెగిపోయిన నాచు, తాళ్లు చిక్కుకుంటే ఆ నర్సరీకే దెబ్బ.

మన్నార్ భయం, పసుపు సముద్రం పాఠం

కప్పాఫైకస్ మన నాచు కాదు, ఆగ్నేయాసియాది. 1980ల్లో భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ దీన్ని దేశంలోకి తెచ్చింది. 2000 తరువాత రామనాథపురం తీరంలో వాణిజ్య సాగు మొదలైంది. 2008లో మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర బతికున్న పగడాలను ఈ నాచు కప్పేసిందని పరిశోధకులు ప్రకటించారు. తరువాత పక్క దీవులకూ పాకింది, చేతులతో పీకి తీయాల్సి వచ్చింది. అంతకుముందే హవాయిలోని కనియోహే అఖాతానికి 1974లో తెచ్చిన ఇదే జాతి నాచు పగడపు దిబ్బలను ఆక్రమించింది. పడవ మీది పంపులతో నాచును పీల్చి, మిగిలినదాన్ని మేయడానికి సీ అర్చిన్ అనే ముళ్ల జీవి పిల్లలను వదిలి అక్కడ అదుపు చేస్తున్నారు.

గోదావరి మొగల్లో పగడాలు లేవు, నాచు అతుక్కునే రాతి నేలా లేదు. విశాఖ వైపు రాళ్ల మీద సహజంగా నాచు పెరుగుతుంది, కోనసీమ ఇసుక తీరంలో పెరగదు. అందుకే మన్నార్‌లో జరిగినట్టే ఇక్కడ జరుగుతుందనడం సరికాదు. పోలిక కావాలంటే చైనాలోని పసుపు సముద్రం వైపు చూడాలి.

జియాంగ్సు రాష్ట్ర తీరంలో, పసుపు నది ఒకప్పుడు పోసిన ఒండ్రు మేటల మీద, సుషీకి వాడే ఎర్రనాచును వెదురు, తాళ్ల తెప్పల మీద వేల హెక్టార్లలో పండిస్తారు. లోతు తక్కువ, బురద, పొలాల నుంచి వచ్చే పోషకాలు పుష్కలం. తీరు చూస్తే మన డెల్టాకు దగ్గరే. ఆ బురద మేటల మీద పచ్చనాచు జాతి ఉల్వాకు పట్టు దొరికేది కాదు. తెప్పలు ఆ పట్టు ఇచ్చాయి. వసంతంలో పంట కోశాక తాళ్లకు పట్టిన పచ్చనాచును గీకి నీటిలో పారేసేవారు. అది తేలుతూ, పెరుగుతూ, గాలివాటున ఉత్తరానికి కొట్టుకుపోయి, 2008లో ఒలింపిక్స్ పడవ పందేలకు ముందు చింగ్‌డావ్ తీరాన్ని ముంచెత్తింది. పది లక్షల టన్నులకు పైగా ఎత్తిపోశారని అప్పటి లెక్కలు. ఆ తరువాత దాదాపు ఏటా అదే కథ. ఒడ్డుకు చేరి కుళ్లే నాచు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, గుల్లల సాగును దెబ్బతీస్తుంది.

గమనించాల్సింది ఏమిటంటే, ఆ నష్టం చేసింది సాగు చేసిన నాచు కాదు. దాని తాళ్లను ఆసరా చేసుకున్న స్థానిక పచ్చనాచు. గోదావరి పాయల్లో, రొయ్యల చెరువుల గట్ల వెంట ఉల్వా లాంటి పచ్చనాచులు ఇప్పటికే ఉన్నాయి. అవి మంచినీటినీ ఉప్పునీటినీ తట్టుకుంటాయి, కప్పాఫైకస్‌లా ఎర్రనీటికి చావవు. విస్తీర్ణం చిన్నగా ఉన్నంతకాలం చైనా స్థాయి ముప్పు రాదు. బంగాళాఖాతం పసుపు సముద్రంలా చల్లటిదీ కాదు. కానీ తాళ్లను ఒడ్డుకు తెచ్చి ఆరబెట్టి శుభ్రం చేయాలన్న ఒక్క నియమం మొదటి తెప్ప నుంచే పెట్టకపోతే తరువాత పెట్టడం కష్టం. పడవలో గీకి నీటిలో పారేయడం ఎప్పుడూ తేలికైన పని.

విదేశీ నాచు విషయంలో కేంద్రం 2024లో బతికున్న సీవీడ్ దిగుమతికి మార్గదర్శకాలు తెచ్చి, క్వారంటైన్ తప్పనిసరి చేసింది. దేశం లోపల ఒక తీరం నుంచి మరో తీరానికి విత్తనం తరలేటప్పుడు దానితో వచ్చే తెగుళ్లు, ఇతర నాచుల సంగతి అంతే గట్టిగా పట్టించుకోవాల్సి ఉంది.

తాబేళ్లు, తాళ్లు

ఆలివ్ రిడ్లే తాబేళ్లు హోప్ ఐలాండ్, శాక్రమెంటో దీవి, అంతర్వేది వైపు ఇసుక తీరాల్లో గుడ్లు పెట్టేది జనవరి నుంచి ఏప్రిల్ మధ్య. నాచు సాగుకు కుదిరే కాలం కూడా సరిగ్గా అదే. ఒడ్డుకు చేరే ముందు తాబేళ్లు తీరం దగ్గరి నీటిలో వారాల తరబడి తిరుగుతాయి. ఊపిరి కోసం పైకి రావాలి. బిగువుగా కట్టిన తాళ్లు పెద్దగా ప్రమాదం చేయవు. వదులుగా వేలాడేవి, తెప్ప కింద కట్టే వలలు, తెగి కొట్టుకుపోయిన ముక్కలు కాళ్లకు, మెడకు చుట్టుకుంటాయి. ట్రాలర్ వలలకు తాబేళ్లు తప్పించుకునే పరికరం పెట్టాలని దశాబ్దాలుగా పోరాడిన తీరంలో ఇంకో రకం ఉచ్చు తయారు కాకూడదు.

ప్లాస్టిక్ సంగతి కూడా ఇక్కడిదే. ఒక్కో తెప్పకు పదుల మీటర్ల తాడు, వందల కొద్దీ చిన్న కట్టుతాళ్లు వాడతారు. ఎండకు, ఉప్పుకు అవి పొడిపొడిగా రాలతాయి. తుపాను వస్తే మొత్తం పోతుంది. కొబ్బరి పీచుకు కొరత లేని కోనసీమలో పీచు తాళ్లు వాడవచ్చు కదా అన్న ఆలోచన సహజం. అవి త్వరగా పాడవుతాయి, ప్రతి విడతా మార్చాలి. నాలుగు నెలల సాగుకు అది అసాధ్యమైన ఖర్చేమీ కాదు.

కార్బన్ వాదన

నాచు కార్బన్‌ను పీలుస్తుంది కాబట్టి వాతావరణానికి మేలన్న వాదనకు ఇక్కడ బలం తక్కువ. కోసిన నాచు జిగురుగా, ఎరువుగా, మేతగా మారుతుంది. అందులోని కార్బన్ నెలల్లో, మహా అయితే కొన్నేళ్లలో మళ్లీ గాలిలో కలుస్తుంది. మడ అడవి బురదలో పూడ్చిన కార్బన్ శతాబ్దాలు ఉంటుంది. కోరింగలో ఒక ఎకరం మడ నరికి దాని పక్కన నాచు వేస్తే లెక్క నష్టంలోనే తేలుతుంది.

ఎక్కడ కట్టాలి

డెల్టాలో అసలు ఇరకాటం ఇదే. తెప్పకు అలలు తక్కువున్న చోటు కావాలి. కాకినాడ అఖాతం, మొగల లోపలి పాయలు అలాంటివే. ఆ చోట్లే మడ అడవికి, గుల్లలకు, పక్షులకు, చేప పిల్లలకు కీలకం. కోరింగతో సహా గోదావరి, కృష్ణా తీరాన్ని 2019 తీర నియంత్రణ ప్రకటన అత్యంత సున్నిత తీర ప్రాంతాల జాబితాలో చేర్చింది. బయటి సముద్రంలో, ఉప్పాడ వైపు, అల ధాటికి ఊరే కోతకు గురవుతోంది. అక్కడ వెదురు తెప్ప నిలవదు. పైగా ఒడ్డు నుంచి అలవి వలలు లాగే చోట్లు, పడవల దారులు ఎవరివో ఊళ్ల మధ్య ఎప్పటినుంచో కట్టుబాటు ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా లీజు ఇస్తే తగాదా ఖాయం.

ఈ కోణంలో చూస్తే సముద్రంలోకన్నా ఒడ్డున సాగు డెల్టాకు బాగా కుదురుతుంది. రొయ్యల చెరువుల నీరు డ్రెయిన్‌లో కలిసేముందు ఆగే గుంటల్లో, వదిలేసిన ఉప్పు చెరువుల్లో గ్రాసిలేరియా, ఉల్వా పెంచవచ్చు. పోషకాలు అక్కడ చిక్కగా ఉంటాయి కాబట్టి నాచు పీల్చే పని కూడా అక్కడే ఎక్కువ ఫలిస్తుంది. తాబేళ్లకు, మేటలకు సంబంధం ఉండదు. ఎర్రనీరు గట్టు దాటి రాదు. లోపమల్లా ఆ నీటిలోని మందులు, లోహాలు నాచులోకి చేరడం. ఆ పంట తినే సరుకుగా పనికిరాదు, ధర తగ్గుతుంది. దిగుబడి కోసం కాకుండా మురుగు శుద్ధి కోసం నాచు పెంచితే చెరువు యజమానికి ఏదో ఒక రాయితీ ఇవ్వాల్సి వస్తుంది.

సముద్రంలోనే ప్రయత్నించాలనుకుంటే కొలవాల్సినవి ఖరీదైనవేం కాదు. నీటిలో వెలుతురు ఎంత లోతుకు దిగుతుందో తాడుకు కట్టిన నలుపు తెలుపు పళ్లెంతో చూడవచ్చు. ఉప్పదనం, తెల్లవారుజాము ఆక్సిజన్ కొలిచే మీటర్లు ఆక్వా ల్యాబుల్లో ఉన్నాయి. తెప్ప కింద బురదను, కొంత దూరంలోని బురదను ఒకే రోజు జల్లెడ పట్టి పురుగులు, గుల్లలు లెక్కించాలి. సాగు మొదలయ్యే ముందు ఒక ఏడాది ఈ లెక్కలు ఉంటేనే తరువాతి మార్పు నాచు వల్లో వరద వల్లో తేలుతుంది. విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రానికి ఈ పని కొత్తది కాదు.

అనుమతి పత్రంలో విస్తీర్ణం, తెప్పల సంఖ్య, సబ్సిడీ మొత్తం ఉంటాయి. తెప్పలు, తాళ్లు, లంగర్లు ఎర్రనీటికి ముందే, అంటే జూన్ నెలాఖరుకల్లా, ఒడ్డుకు చేర్చాల్సింది ఎవరు, ఆ ఖర్చు ఎవరిది అన్న షరతు కూడా అందులో ఉండాలి. పథకం ఇచ్చిన శాఖ, విత్తనం ఇచ్చి సరుకు కొనే కంపెనీ, తెప్ప కట్టిన మహిళా సంఘం, ఈ ముగ్గురిలో ఆ పని ఎవరి పేరున రాస్తారన్నది మొదటి విడత తెప్పలు దించకముందే తేలాలి.